తలలోని ఇంప్లాంట్ పాడైతే: పిల్లలకు రెండోసారి కాక్లియర్ ఆపరేషన్ ఎందుకు, ఎప్పుడు, ఎలా

కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి లేనివాళ్లకు శబ్దాలు వినపడేలా తలలో అమర్చే ఎలక్ట్రానిక్ పరికరం) పెట్టించుకున్న పిల్లల ఇంట్లో 'మళ్లీ ఆపరేషన్ చేయాలట' అన్న మాట వినపడితే ఆ పూట పొయ్యి వెలగదు. మొదటిసారి డాక్టర్ సరిగా చేయలేదా? మేం సరిగా చూసుకోలేదా? నేర్చుకున్న మాటలన్నీ పోతాయా? హన్మకొండలో స్పీచ్ థెరపీ చెప్పే నాలాంటివాళ్లను తల్లిదండ్రులు అడిగేది ఈ మూడు ప్రశ్నలే. చాలా సందర్భాల్లో మూడింటికీ 'కాదు' అనే జవాబు. అయితే ఆ జవాబు ఉత్త ఓదార్పులా మిగిలిపోకూడదు. అసలు ఏది పాడవుతుంది, పాడైనట్టు ఎలా తెలుస్తుంది, రెండోసారి చేసేటప్పుడు లోపల ఏం జరుగుతుంది అన్నవి ఇంట్లోవాళ్లకు విడమరిచి చెప్పాలి.

ముందుగా ఒక సంగతి. ఏడాది వయసులో ఇంప్లాంట్ పెట్టిన పాప డెబ్బై, ఎనభై ఏళ్లు బతకాల్సిన మనిషి. తలలో అమర్చిన ఎలక్ట్రానిక్ పరికరం అన్నేళ్లూ పనిచేస్తుందని ఏ కంపెనీ రాసివ్వదు. ఇప్పుడు వాడుతున్న రకం ఇంప్లాంట్లను పిల్లలకు పెట్టడానికి వైద్య పరికరాలను ఆమోదించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది 1990లో. పసితనంలో పెట్టించుకుని ముసలితనం దాకా వాడినవాళ్లు ప్రపంచంలో ఇంకా ఎవరూ లేరన్నమాట. కాబట్టి రెండో ఆపరేషన్ ఎప్పుడో ఒకప్పుడు రావచ్చని మొదటి ఆపరేషన్ రోజే చెప్పి ఉంచడం న్యాయం. అలా ముందే విన్నవాళ్లు తర్వాత కంగారుపడి నెలలు పోగొట్టుకోరు.

ఈ పరికరంలో రెండు భాగాలుంటాయి. చెవి వెనక కనిపించేది బయటి భాగం: మైకు, ప్రాసెసర్, బ్యాటరీ, సన్నటి కేబుల్, తలకు అతుక్కునే కాయిల్. లోపలి భాగం చర్మం కింద ఎముకను ఆనుకుని ఉంటుంది. దాని నుంచి బయలుదేరిన సన్నటి ఎలక్ట్రోడ్ల తీగ లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలోకి వెళ్తుంది. కంపెనీని బట్టి ఆ తీగ మీద 12, 16 లేదా 22 ఎలక్ట్రోడ్లు ఉంటాయి. ఆపరేషన్ అవసరమయ్యేది లోపలి భాగానికి ఏమైనా అయినప్పుడే. బయటి భాగంలో ఏది పోయినా మార్చుకుంటే సరిపోతుంది.

'మిషన్ పనిచేయట్లేదు' అంటూ వచ్చేవాళ్లలో ఎక్కువమంది సమస్య బయటి భాగంలోనే ఉంటుంది. కేబుల్ లోపల తెగి ఉంటుంది, మైకులోకి చెమట పోయి ఉంటుంది, వానాకాలం తేమకు బ్యాటరీ దగ్గర చిలుము పట్టి ఉంటుంది. మేడారం జాతరకు పోయి వచ్చాక దుమ్ముతో మైకు మూసుకుపోయిన పిల్లలు కూడా వస్తారు. రాత్రిపూట ప్రాసెసర్‌ను తేమ పీల్చే డబ్బాలో పెట్టడం, ఇంట్లో ఒక అదనపు కేబుల్ ఉంచుకోవడం అనే రెండు అలవాట్లు ఎన్నో టెన్షన్లు తగ్గిస్తాయి. అందుకే 'లోపలిది పోయింది' అని ఎవరైనా అనగానే నమ్మేయకూడదు. కేబుల్ మార్చి చూశారా, కాయిల్ మార్చి చూశారా, మరో ప్రాసెసర్ పెట్టి చూశారా అని అడగాలి. ఇవన్నీ అయ్యాకే లోపలి భాగాన్ని అనుమానించాలి.

లోపలిది పాడైతే పిల్లలు చెప్పలేరు, అదే అసలు చిక్కు. పెద్దవాళ్లకైతే తేడా వెంటనే తెలుస్తుంది. నాలుగేళ్ల పాపకు తనకు వినపడుతున్నదే లోకం. అది మెల్లగా తగ్గుతూ పోతే మాటలు తగ్గిస్తుంది, చిరాకుపడుతుంది, మిషన్ తీసి పారేస్తుంది. ఇంట్లోవాళ్లేమో మొండితనం అనుకుంటారు.

దీన్ని పట్టుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. డేనియల్ లింగ్ అనే ఆయన రూపొందించిన ఆరు శబ్దాల పరీక్ష: ఆ, ఈ, ఊ, మ్, స్, ష్. పొద్దున మిషన్ పెట్టగానే పిల్లల వెనక నిలబడి, మన పెదాలు వాళ్లకు కనపడకుండా, ఒక్కొక్కటీ మామూలు గొంతుతో అనాలి. పిల్లలు తిరిగి అనాలి, లేదా చెయ్యెత్తాలి. 'మ్' అడుగు శ్రుతి, 'స్' బాగా పై శ్రుతి. మాటలో ఉండే శ్రుతులన్నీ దాదాపుగా ఈ ఆరింటిలో వచ్చేస్తాయి. రెండు నిమిషాల పని.

పరకాల దగ్గరి ఒక ఊరి బాబుకు ఈ పరీక్షే మేలు చేసింది. రెండో తరగతి చదువుతున్నాడు, అప్పటికే కథలు చెప్పే స్థాయికి వచ్చాడు. వాళ్లమ్మ రోజూ ఆరు శబ్దాలూ అనిపించి, గీతల నోటుబుక్కులో టిక్కులు పెట్టేది. ఒకరోజు ఫోన్ చేసింది. "మేడమ్, పొద్దుగాల 'స్' అంటే పలకలేదు. 'ష్' గూడ పలకలేదు. మిగతాయన్నీ మంచిగనే అంటుండు. మొన్నటిదాకా ఆరూ అన్నడు." నోటుబుక్కు తెప్పించి చూశాను. 'స్' గడిలో అంతకు ముందు వారం నుంచే టిక్కులు ఒకరోజు ఉండి, ఒకరోజు లేవు. కేబుల్ మార్చాం, కాయిల్ మార్చాం, తేడా రాలేదు. హైదరాబాద్‌లో మ్యాపింగ్ (ఒక్కో ఎలక్ట్రోడ్ ఎంత కరెంటు ఇవ్వాలో పిల్లలకు తగ్గట్టు సరిచేయడం) చేసేచోట కంప్యూటర్‌కు కలిపి చూస్తే కాక్లియా ద్వారం దగ్గరుండే ఎలక్ట్రోడ్లలో కరెంటుకు నిరోధం బాగా పెరిగి ఉంది. ఎక్స్‌రేలో కారణం కనపడింది. తీగ కొంత వెనక్కి జారింది, ద్వారం దగ్గరి ఎలక్ట్రోడ్లు కాక్లియా బయటికి వచ్చేశాయి. పై శ్రుతులు వినిపించేవి ఆ ద్వారం దగ్గరి ఎలక్ట్రోడ్లే. అందుకే ముందు 'స్', 'ష్' పోయాయి. చదువు పెద్దగా లేని ఆ తల్లి నోటుబుక్కు ఎక్స్‌రే కన్నా ముందే సరైన చోటు చూపించింది. ఆమె మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు.

తీగ జారడం ఒక కారణం మాత్రమే. లోపలి భాగం మార్చాల్సి వచ్చే పరిస్థితులను డాక్టర్లు స్థూలంగా మూడు గుంపులుగా చూస్తారు.

మొదటిది, పరికరం పూర్తిగా ఆగిపోవడం. దీన్ని హార్డ్ ఫెయిల్యూర్ అంటారు. బయటి కాయిల్‌కూ లోపలి భాగానికీ సంబంధం తెగిపోతుంది. ఏ ప్రాసెసర్ పెట్టినా లోపలి నుంచి జవాబు రాదు. రెండో ఆపరేషన్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. తేమ లోపలికి చేరడం ఒక కారణమైతే, తలకు దెబ్బ తగలడం ఇంకొకటి. నడక నేర్చుకునే వయసులో పడిపోవడాలు, సైకిల్ మీంచి పడటాలు, బడిలో ఆటలు... పెద్దవాళ్ల కన్నా పిల్లల్లో రెండో ఆపరేషన్లు ఎక్కువగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. పూర్వం కొన్ని ఇంప్లాంట్ల పైపెట్టె సిరామిక్‌తో ఉండేది, గట్టి దెబ్బకు పగిలేది. ఇప్పుడు ఎక్కువగా టైటానియం వాడుతున్నారు. తయారీలోనే లోపం ఉన్న సందర్భాలూ ఉన్నాయి. 2011 సెప్టెంబర్‌లో కాక్లియర్ కంపెనీ తన సీఐ500 వరసను వెనక్కి పిలిచింది. 2020 ఫిబ్రవరిలో అడ్వాన్స్‌డ్ బయానిక్స్ తన హైరెస్ అల్ట్రా ఇంప్లాంట్ల తొలి రకాన్ని వెనక్కి పిలిచింది. వెనక్కి పిలిచారంటే పనిచేస్తున్న ఇంప్లాంట్‌ను కూడా పిల్లల తలలోంచి తీసేయాలని కాదు. ఇంకా పెట్టనివాటిని ఆపేస్తారు, పెట్టినవాటిని జాగ్రత్తగా గమనిస్తారు, లోపం బయటపడినవాటినే మారుస్తారు. మీ బిడ్డ ఇంప్లాంట్ మోడల్, సీరియల్ నంబర్ ఉన్న కార్డును ఆధార్ కార్డంత భద్రంగా దాచుకోవాలని చెప్పేది ఇందుకే.

రెండో గుంపు అన్నిటికన్నా చికాకైనది, సాఫ్ట్ ఫెయిల్యూర్. కంప్యూటర్ పరీక్షల్లో అంతా బాగానే కనిపిస్తుంది. పిల్లల్లో మాత్రం ముందుకు పోవడం ఆగిపోతుంది, లేదా వెనక్కి పోతుంది. ఉన్నట్టుండి టప్‌మని శబ్దాలు వస్తున్నాయంటారు, చెవి దగ్గర నొప్పి అంటారు, మిషన్ ఆన్ చేయగానే ముఖం ఒకవైపు అదురుతుంది, ఒకరోజు బాగా విని ఇంకోరోజు అస్సలు వినరు. దీన్ని ఎలా గుర్తించాలన్న దానిపై నిపుణులు కలిసి ఒక ఉమ్మడి ప్రకటన ఇచ్చింది 2005లో. దాని సారం నేరుగానే ఉంటుంది: బయటి భాగాలన్నీ మార్చి చూడాలి, మ్యాపింగ్ మళ్లీ చేయాలి, స్కాన్ తీయాలి, పిల్లల్లో ఇతర కారణాలు ఉన్నాయేమో చూడాలి. ఏదీ దొరక్కపోతే పరికరాన్నే అనుమానించాలి. మార్చాక వినికిడి మెరుగుపడితే అనుమానం నిజమైనట్టు. తీసిన ఇంప్లాంట్‌ను కంపెనీ ల్యాబ్‌కు పంపుతారు, కొన్నిసార్లు లోపం అక్కడ దొరుకుతుంది. పిల్లలు మాట్లాడకపోతే 'థెరపీ సరిగా చేయించలేదు' అని తల్లిని నిందించడం మన దగ్గర చాలా తేలిక. ఆ నింద వేసే ముందు పరికరాన్ని క్షుణ్ణంగా పరీక్షించారా అని నేను అడుగుతాను, మీరూ అడగండి.

మూడోది, పరికరం బాగానే ఉండి శరీరం వైపు సమస్య రావడం. ఇంప్లాంట్ మీది చర్మం పలచబడి తెరుచుకోవడం, చీము పట్టడం, మధ్య చెవిలో కొలెస్టియటోమా (చర్మం పొరలు పోగుపడి పెరిగే గడ్డ) పెరగడం వంటివి. మందులతో తగ్గేవి తగ్గుతాయి. ఇంప్లాంట్ ఉపరితలం మీద సూక్ష్మజీవులు పొరలా కట్టుకుంటే మాత్రం యాంటీబయాటిక్ అక్కడిదాకా సరిగా చేరదు, పరికరాన్ని తీయక తప్పకపోవచ్చు. అలాంటప్పుడు కొందరు సర్జన్లు పైనున్న భాగాన్ని తీసేసి, కాక్లియాలోని తీగ ముక్కను అలాగే ఉంచుతారు. చీము పూర్తిగా మానాక, కొన్ని నెలలకు కొత్తది పెడతారు. తీగను కూడా తీసేసి దారి ఖాళీగా వదిలితే అది పీచు కణజాలంతోనో ఎముకతోనో పూడుకుపోవచ్చు. అందుకే ఈ జాగ్రత్త.

పడ్డ తర్వాత కాయిల్ అతుక్కోవడం లేదంటే లోపలి అయస్కాంతం పక్కకు జరిగి ఉండొచ్చు. ఎక్స్‌రేలో తెలుస్తుంది. చాలా ఇంప్లాంట్లలో దాన్ని చిన్న ఆపరేషన్‌తో సరిచేయవచ్చు, మొత్తం మార్చనక్కర్లేదు. ఎమ్మారై వల్ల కూడా ఇలా జరగొచ్చు. ఫిట్స్ వచ్చాయనో, ఇంకో కారణంతోనో స్కాన్ రాస్తే, ఇంప్లాంట్ ఉందని, ఏ మోడలో ముందే చెప్పి తీరాలి. టాన్సిల్స్ వంటి వేరే ఆపరేషన్ చేయాల్సి వచ్చినా ముందే సర్జన్‌కు ఈ మాట చెప్పాలి. రక్తం ఆపడానికి వాడే కరెంటు కాటరీలో మోనోపోలార్ రకం ఇంప్లాంట్‌కు హాని చేస్తుంది.

ఇక అపోహలు. పిల్లలు ఎదిగితే ఇంప్లాంట్ చిన్నదైపోతుందని, పెద్దయ్యాక మార్చాల్సిందేనని చాలామంది అనుకుంటారు. కాక్లియా పుట్టేటప్పటికే పెద్దవాళ్ల సైజులో ఉంటుంది. తల పెరుగుదలకు సరిపడా తీగను కొంచెం వదులుగా వదిలే పెడతారు. ఎదుగుదల కోసం మార్చడమనేది ఉండదు. కొత్త మోడల్ వచ్చిందని మార్చడమూ సాధారణంగా ఉండదు. కంపెనీలు కొత్త ప్రాసెసర్లను పాత ఇంప్లాంట్లతోనూ పనిచేసేలా చేయడానికే చూస్తాయి, అది బయటి భాగం మార్పే.

ఎంతమందికి రెండోసారి అవసరమవుతుంది? వేర్వేరు దేశాల ఆసుపత్రులు ప్రచురించిన లెక్కల్లో మొత్తం మీద నూటికి 3 నుంచి 8 మంది దాకా కనిపిస్తారు. పిల్లలను విడిగా చూస్తే కొన్నిచోట్ల 10 దాకా పోతుంది. అంటే పదిమందిలో కనీసం తొమ్మిదిమంది పిల్లలు ఆ లెక్కలు కట్టిన కాలమంతా ఒకే ఇంప్లాంట్‌తో గడిపారు. కంపెనీలు తమ మోడళ్లు ఎన్నేళ్ల తర్వాత నూటికి ఎన్ని పనిచేస్తున్నాయో నివేదికలు ఇస్తాయి. మొదటిసారి ఎంచుకునేటప్పుడే ఆ అంకెలు అడిగి చూడటం తల్లిదండ్రుల హక్కు.

ఆపరేషన్ సంగతికొస్తే, చాలామంది అనుకున్నంత భయంకరంగా ఉండదు. ఎముకలో దారి మొదటిసారే చేసి ఉంటుంది కాబట్టి కొన్ని సందర్భాల్లో సమయం తక్కువే పడుతుంది. అయితే పాత గాటు చోట చర్మం, కండ గట్టిపడి ఉంటాయి, ముఖనాడి దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కీలకం ఒక్కచోట ఉంది. ఎలక్ట్రోడ్ తీగ చుట్టూ కాలక్రమేణా సన్నటి పీచు పొర ఒక గొట్టంలా కట్టుకుని ఉంటుంది. లంగాకు కొత్త బొందు సిద్ధం కాకుండా పాత బొందు లాగేస్తే నేఫా ముడుచుకుపోయి ఎంత ఇబ్బందో కుట్టేవాళ్లకు తెలుసు. ఇక్కడా అంతే. కొత్త ఇంప్లాంట్‌ను ఎముక మీద అమర్చి, కొత్త తీగను చేతిలో సిద్ధంగా పట్టుకునేదాకా సర్జన్ పాత తీగను కాక్లియాలోంచి తీయరు. తీసిన వెంటనే అదే గొట్టంలోంచి కొత్తది నెమ్మదిగా పంపుతారు. చాలామంది పిల్లల్లో మొదటిసారి ఎంత లోతుకు వెళ్లిందో మళ్లీ అంత లోతుకు వెళ్తుంది. మెదడు పొరల వాపు జబ్బు, అంటే మెనింజైటిస్, వల్ల వినికిడి పోయిన పిల్లల కాక్లియాలో ఎముక పెరిగి ఉండే అవకాశం ఉంది కాబట్టి వాళ్ల విషయంలో ముందే సీటీ స్కాన్ చూసి ప్లాన్ చేసుకుంటారు. మెనింజైటిస్ రాకుండా వేసే న్యుమోకోకల్ టీకాలు పూర్తయ్యాయో లేదో కూడా ఈ సందర్భంలో మరోసారి చూసుకోవాలి.

అదే చెవికా, రెండో చెవికా? ఈ ప్రశ్న మన ప్రాంతంలో మరీ ముఖ్యం. ఆరోగ్యశ్రీ కిందనో, వికలాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్రం అడిప్ పథకం కిందనో ఇంప్లాంట్ పెట్టించుకున్న మన పిల్లల్లో చాలామందికి ఒక్క చెవికే ఉంది. అది ఆగిపోతే వాళ్లకు పూర్తి నిశ్శబ్దమే. అలాంటప్పుడు 'ఆ చెవి అచ్చిరాలేదు, ఈసారి ఇంకో చెవికి చేద్దాం' అనే పెద్దవాళ్లు ఉంటారు. కానీ వినడం నేర్చుకుంది ఆ చెవి ఒక్కటే కాదు, దాని వెనకున్న మెదడు దారి కూడా. కొలరాడో విశ్వవిద్యాలయంలో పనిచేసే అను శర్మ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పుట్టుకతో వినికిడి లేని పిల్లల మెదడులోని శ్రవణ మార్గం మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెడితే మామూలుగా ఎదుగుతుంది, ఏడేళ్లు దాటాక పెడితే చాలావరకు ఆ అవకాశం తగ్గిపోతుంది. ఎనిమిదేళ్ల బాబుకు ఏనాడూ వినని రెండో చెవిలో కొత్తగా పెడితే మళ్లీ అ, ఆల నుంచి మొదలుపెట్టినట్టే. అదే మొదటి చెవిలో మార్చితే నేర్చుకున్న దారి సిద్ధంగా ఉంటుంది. కాక్లియా మూసుకుపోవడం వంటి గట్టి కారణం లేనంతవరకు అదే చెవి మేలు. చిన్న వయసులోనే రెండు చెవులకూ పెట్టాలని నిపుణులు అడుగుతుండటానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి: ఒకటి ఆగినా రెండోది పిల్లలను నడిపిస్తుంది.

మాటలు పోతాయా అన్న ప్రశ్నకు పరకాల బాబే జవాబు. కొత్త ఇంప్లాంట్ ఆన్ చేసిన రోజు వాళ్లమ్మ గొంతు విని ముఖం చిట్లించాడు, "అమ్మ అట్ల లేదు" అన్నాడు. ఇది మామూలే. కొత్త తీగ అచ్చం పాత చోటే కూర్చోదు, పాత మ్యాప్ నేరుగా పనికిరాదు, తక్కువ స్థాయిలో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. మొదటి వారాల్లో మ్యాపింగ్ చాలాసార్లు అవసరం. నెల తిరిగేసరికి ఆరు శబ్దాలూ పలికాడు, ఆ తర్వాత పాత కథలన్నీ మళ్లీ చెప్పాడు. ఎక్కువమంది పిల్లలు వారాల నుంచి నెలల్లో పాత స్థాయికి చేరుకుంటారు, సాఫ్ట్ ఫెయిల్యూర్ అయినవాళ్లలో కొందరు అంతకన్నా ముందుకు పోతారు. కొద్దిమంది మాత్రం మునుపటి స్థాయికి రారు. ఆ అవకాశం ఉందని ఆపరేషన్‌కు ముందే సూటిగా చెప్పించుకోవాలి.

డబ్బు విషయంలో తొందరపడి సంతకాలు పెట్టొద్దు. లోపలి భాగానికి సాధారణంగా పదేళ్ల వారంటీ ఉంటుంది, ప్రాసెసర్‌కు అంతకన్నా తక్కువ. అడిప్ పథకంలో 2014లో మార్పులు చేసినప్పుడు ఒక్కో ఇంప్లాంట్‌కు 6 లక్షల రూపాయల దాకా ఇచ్చేలా పెట్టారంటే ఆ పరికరం విలువ ఎంతో ఊహించుకోవచ్చు. వారంటీలో ఉంటే పరికరం కంపెనీ ఇవ్వాలి. ఆపరేషన్, ఆసుపత్రి, మ్యాపింగ్ ఖర్చులు ఎవరివన్నది మాత్రం విడిగా, కాగితం మీద తేల్చుకోవాలి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. రెండోసారి ఇంప్లాంట్‌కు ఏ కాగితాలు కావాలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ఆపరేషన్ తేదీ తీసుకునే ముందే రాయించుకోండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ (వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ) ప్రాంతీయ కేంద్రంలో అడిప్ గురించి అడగొచ్చు.

దూరం అసలు శత్రువు. మంచిర్యాల నుంచో కాగజ్‌నగర్ నుంచో భాగ్యనగర్ రైలెక్కి, ఒక రోజు కూలి వదులుకుని, కోఠి ఈఎన్‌టీ దవాఖానకో ఇంకో చోటికో పోతే 'కేబుల్ పోయింది' అంటారు. ఇంకోసారి పోతే 'ఇంజినీర్ లేడు, వచ్చే నెల రండి' అంటారు. మూడోసారి పోవడానికి చేతిలో పైసలుండవు. ఇలా లోపం తెలిసేలోపే నెలలు గడిచిపోతాయి. లోపలి భాగం పరీక్షకు కావాల్సింది ఒక ల్యాప్‌టాప్, కంపెనీ సాఫ్ట్‌వేర్, ఒక జత కేబుల్, కాయిల్, దాన్ని నడపగల ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు). వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో నెలలో కొన్ని రోజులైనా ఈ పరీక్ష క్రమం తప్పకుండా జరిగితే ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలకు ఎంతో కాలం మిగులుతుంది. ఇంప్లాంట్‌కు లక్షలు పెట్టిన ప్రభుత్వానికి ఇది పెద్ద ఖర్చు కాదు.

లోపం ఖాయమయ్యాక ఇంట్లో జరిగే ఆలస్యం ఇంకొకటి. 'ఎండాకాలం సెలవుల్లో చేయిద్దాం, చదువు పోదు' అంటారు. దసరాకు పాడైన ఇంప్లాంట్‌ను ఎండాకాలం దాకా ఆపితే ఆ పిల్ల ఆరేడు నెలలు ఏమీ వినకుండా బడిలో కూర్చుంటుంది. చదువు పోయేది అప్పుడే. ఆపరేషన్‌కు ఆసుపత్రిలో ఉండేది మామూలుగా ఒకటి రెండు రోజులు, ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకు కొత్తది ఆన్ చేస్తారు. పోయేది ఆ కొద్ది వారాల బడి మాత్రమే. ఆ వారాల్లో ఏం చేయాలో టీచర్‌కు ముందే చెప్పి పెట్టుకోండి: ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు, హోంవర్క్ రాసి ఇవ్వాలి, తలకు దెబ్బ తగిలే ఆటలు వద్దు. పిల్లలకూ చెప్పాలి. మొదటిసారి పసికందు కాబట్టి ఏమీ గుర్తుండదు, ఈసారి ఆరేడేళ్ల మనిషి. పాత ఇంప్లాంట్ ఫొటో, కొత్తదాని ఫొటో చూపించి, చెవి వెనక కొంచెం జుట్టు తీస్తారని, కట్టు కడతారని, కొన్నాళ్లు ఏమీ వినపడదని, తర్వాత గొంతులు కొత్తగా ఉంటాయని బొమ్మలు గీసి వివరించండి. ఈ మాటలు చెప్పాల్సింది పాత మిషన్‌తో ఎంతో కొంత వినపడుతున్నప్పుడే, ఆపరేషన్ ముందు రోజు రాత్రి దాకా ఆగొద్దు.